ఎస్‌సీఏ సర్జరీ సెంటర్ల కంపెనీ చరిత్ర: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా మెడికల్ బిల్లింగ్ పనిలో ఉన్నవాళ్లకు ఎస్‌సీఏ అంటే ఆప్టమ్ కింద ఉన్న కంపెనీ. ఆడిటింగ్ చదివేవాళ్లకు హెల్త్‌సౌత్ దొంగలెక్కల కేసులో ఒక విభాగం. డాలస్‌లోనో షికాగోలోనో అమ్మానాన్నల్ని ఆపరేషన్‌కి తీసుకెళ్లేవాళ్లకు కన్సెంట్ ఫారం అడుగున కనిపించే పేరు. మూడు వైపుల నుంచీ అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. డాలర్ల లెక్కలు కోట్లలో ఇచ్చాం; వంద కోట్లంటే ఒక బిలియన్.

## ముందుగా

ఎస్‌సీఏ, హెల్త్‌సౌత్, ఆప్టమ్: ఇవి ఒకే కంపెనీయా, మూడా?

మూడు. సెంటర్లు మాత్రం చాలామటుకు అవే. 1982లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో సర్జికల్ కేర్ అఫిలియేట్స్ పుట్టింది. 1996 జనవరిలో హెల్త్‌సౌత్ దాన్ని కొని తనలో కలిపేసుకుంది. హెల్త్‌సౌత్‌ది బర్మింగ్‌హామ్, అలబామాలోది, ఇంగ్లండ్‌లోది కాదు. 2007లో హెల్త్‌సౌత్ తన సర్జరీ విభాగం మొత్తాన్ని టీపీజీ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేసింది. కొత్త యజమానులు అటకెక్కిన పాత పేరునే దుమ్ము దులిపి పెట్టుకున్నారు. 2013లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కి వచ్చింది, 2017లో యునైటెడ్‌హెల్త్ గ్రూప్ అనే బీమా కంపెనీలోని ఆప్టమ్ చేతికి వెళ్లింది, 2022లో ఎస్‌సీఏ హెల్త్ అయింది.

కాబట్టి 1982 నాటి ఎస్‌సీఏ, ఇప్పటి ఎస్‌సీఏ అచ్చంగా ఒకటి కావు. 2007లో బయటికొచ్చిన విభాగంలో పాత ఎస్‌సీఏ ఒక పాయ మాత్రమే. హెల్త్‌సౌత్ వేరే కంపెనీల నుంచి కొన్న సెంటర్లూ అందులో ఉన్నాయి.

‘అంబులేటరీ సర్జరీ సెంటర్’ అంటే అంబులెన్సులు వచ్చే చోటా?

కాదు, దాదాపు దానికి వ్యతిరేకం. అంబులేటరీ అంటే నడవగలిగే అని. పొద్దున నడుచుకుంటూ వచ్చి, ఆపరేషన్ చేయించుకుని, సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయే చోటు. మెడికేర్ (వృద్ధులకు అమెరికా ప్రభుత్వ బీమా) నిబంధన ప్రకారం అక్కడ సర్జరీ తప్ప వేరే సేవలు ఉండకూడదు, రోగి 24 గంటలు మించి ఉండాల్సిన కేసు తీసుకోకూడదు. ఎమర్జెన్సీ వార్డు ఉండదు. వాడుకలో ఏఎస్‌సీ అంటారు. ఆసుపత్రిలోని అవుట్‌పేషెంట్ సర్జరీ విభాగం కూడా రోగికి ఇలాగే కనిపిస్తుంది కానీ, లైసెన్సు వేరు, మెడికేర్ ఇచ్చే రేటు వేరు.

## 1982కు ముందు

ఈ ఆలోచన ఎస్‌సీఏదేనా?

కాదు, అప్పటికే చాలా పాతది. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే సర్జన్ చిన్నపిల్లలకు ఆపరేషన్ చేసి అదే రోజు ఇంటికి పంపిన 8,988 కేసుల వివరం 1909లోనే అచ్చువేశాడు. అయోవా రాష్ట్రం సూ సిటీలో రాల్ఫ్ వాటర్స్ అనే మత్తుడాక్టరు నడిపిన డౌన్‌టౌన్ అనస్తీషియా క్లినిక్ కూడా మొదటి ప్రపంచయుద్ధం రోజులదే.

ఇప్పుడు మనం చూసే నమూనా మాత్రం 1970 ఫిబ్రవరిలో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో మొదలైంది. వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్ ఇద్దరూ మత్తుడాక్టర్లే. చిన్న ఆపరేషన్ అయినా ఆసుపత్రిలో మంచం ఎక్కితే బిల్లు పెద్దదైపోతోందనీ, ఆపరేషన్ థియేటర్ దొరకక కేసులు వెనక్కి పోతున్నాయనీ చూసి, ఏ ఆసుపత్రికీ అనుబంధం కాని సర్జీసెంటర్ తెరిచారు. సర్జన్లు కాకుండా మత్తుడాక్టర్లు ముందుకు రావడంలో వింతేం లేదు. రోగి ఎంత త్వరగా తేరుకుని లేస్తాడన్నది వాళ్ల చేతిలోని పని.

1970లోనే మొదలైతే పెద్ద కంపెనీలు 1982 దాకా ఎందుకు ఆగాయి?

డబ్బు ఇచ్చేవాళ్లు లేక. 65 ఏళ్లు దాటినవాళ్లకు బిల్లు కట్టేది మెడికేర్. అది ఆసుపత్రికి ఇచ్చేది, డాక్టరుకు ఇచ్చేది, మధ్యలో ఇలాంటి సెంటరుకు విడిగా ఇచ్చే పద్ధతే లేదు. 1980లో కాంగ్రెస్ చట్టం మార్చింది, 1982లో నిబంధనలు వచ్చాయి. మొదట సుమారు 200 ఆపరేషన్ల జాబితా, వాటిని నాలుగు గుంపులుగా విడగొట్టి గుంపుకో రేటు. ఏ ఆపరేషన్‌కి ఎంత వస్తుందో ముందే తెలిసినప్పుడే కదా బ్యాంకు అప్పిచ్చేది! నాష్‌విల్‌లో ఎస్‌సీఏ, డాలస్‌లో మెడికల్ కేర్ ఇంటర్నేషనల్ ఒకే ఏడాది పుట్టడం కాకతాళీయం కాదు.

రెండో అడ్డంకి రాష్ట్రాల పర్మిట్. 1974 నాటి ఫెడరల్ చట్టం వల్ల కొత్త వైద్య సదుపాయం కట్టాలంటే ‘ఇక్కడ అవసరం ఉంది’ అని రాష్ట్రం సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ విచారణలో పక్క ఆసుపత్రి వచ్చి అభ్యంతరం చెప్పేది. ఫెడరల్ చట్టం 1987లో పోయినా చాలా రాష్ట్రాలు తమ చట్టాన్ని ఉంచుకున్నాయి. సర్జరీ సెంటర్లు కొన్ని రాష్ట్రాల్లో వీధికొకటి, కొన్నిచోట్ల వెతికినా దొరక్కపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

## నాష్‌విల్ కాలం: 1982–1995

ఎస్‌సీఏని ఎవరు పెట్టారు? డాక్టర్లా?

వ్యాపారి, జోయెల్ గోర్డన్. అంతకుముందు ఆయన నడిపిన జనరల్ కేర్ కార్పొరేషన్ అనే ఆసుపత్రుల కంపెనీని 1980లో మరో పెద్ద ఆసుపత్రుల కంపెనీ హెచ్‌సీఏకి అమ్మారు. నాష్‌విల్ అంటే మనకు కంట్రీ సంగీతం గుర్తొస్తుంది కానీ, ఆసుపత్రుల వ్యాపారానికి అది రాజధాని లాంటిది. ఒక కంపెనీలో పండినవాళ్లు బయటికొచ్చి ఇంకోటి పెట్టడం అక్కడ మామూలు.

సెంటర్లో డాక్టర్లకే వాటా ఇస్తారట. అది రోగుల్ని పంపినందుకు కమీషన్ కాదా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. గట్టిగా అడగాల్సిన ప్రశ్న కూడా. యజమానులు నాలుగుసార్లు మారినా ఈ కంపెనీలో మారనిది ఈ ఏర్పాటొక్కటే, అందుకే కాస్త వివరంగా చెబుతాం.

ప్రతి సెంటరూ విడిగా ఒక పార్ట్‌నర్‌షిప్ లేదా ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత సంస్థ). అందులో కంపెనీకి కొంత వాటా, అక్కడ ఆపరేషన్లు చేసే సర్జన్లకు కొంత, తర్వాతి కాలంలో స్థానిక ఆసుపత్రికి కొంత. కంపెనీ నర్సుల్ని పెట్టడం, కొనుగోళ్లు, బీమా కంపెనీలతో రేట్లు మాట్లాడటం, బిల్లింగ్ చూసుకుంటుంది. అందుకు రాబడిలో కొంత శాతం మేనేజ్‌మెంట్ ఫీజు తీసుకుంటుంది. ఖర్చులు పోగా మిగిలింది వాటాల ప్రకారం పంచుతారు.

కమీషన్‌కీ దీనికీ గీత ఎక్కడంటే, పంపకం పెట్టిన పెట్టుబడిని బట్టి జరగాలి, తెచ్చిన కేసుల లెక్కన కాదు. వాటాను న్యాయమైన మార్కెట్ విలువకే కొనాలి. ఎక్కువ కేసులు తెచ్చేవాడికి తక్కువకి ఇవ్వకూడదు, వాటా కొనుక్కోమని కంపెనీయే అప్పు ఇవ్వకూడదు. 1999 నవంబరులో ఫెడరల్ ప్రభుత్వం, కమీషన్లను నిషేధించే చట్టం నుంచి సర్జరీ సెంటర్లకు రక్షణ నిబంధన ఇచ్చింది. దాని వరస ఇలా ఉంటుంది: సర్జన్ వైద్యవృత్తి ఆదాయంలో కనీసం మూడోవంతు ఇలాంటి ఆపరేషన్ల నుంచే రావాలి, వేర్వేరు విభాగాల డాక్టర్లు కలిసి పెట్టిన సెంటర్ అయితే, అతను చేసే అలాంటి ఆపరేషన్లలో కనీసం మూడోవంతు ఆ సెంటర్లోనే చేయాలి. సెంటరు అతనికి నిజంగా పనిచేసే చోటు కావాలి తప్ప, వేరే డాక్టర్ల దగ్గరికి రోగుల్ని పంపి కూర్చుని తినే చోటు కాకూడదని ఉద్దేశం. తమకు వాటా ఉన్న ల్యాబులు, స్కానింగ్ సెంటర్లకు డాక్టర్లు రోగుల్ని పంపకూడదన్న స్టార్క్ చట్టం నిషేధం ఏఎస్‌సీ సర్జరీకి వర్తించదు, ఎందుకంటే ఆ చట్టం జాబితాలో సర్జరీ లేదు.

ఆచరణలో బెడిసికొట్టేది వేరే చోట. పార్ట్‌నర్లందరూ ఒకే ఈడువాళ్లయితే పదిహేనేళ్లకు అందరూ ఒకేసారి రిటైర్ అవుతారు. కేసులు పడిపోతాయి, వాటా విలువ పడిపోతుంది, కొత్త కుర్ర సర్జన్లు చేరరు. అందుకే పెద్దవాళ్ల వాటాలు వెనక్కి కొని చిన్నవాళ్లకు అమ్మే పని ఈ కంపెనీల్లో ఎప్పటికీ ఆగదు. అది నిర్లక్ష్యం చేసిన సెంటర్లే ఎక్కువగా మూతపడతాయి.

ఇంత చట్టం ఉన్నా, వాటా ఉన్న చోట అవసరానికి మించి ఆపరేషన్లు జరుగుతాయేమోనన్న అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. అది న్యాయమైన అనుమానమే.

1980ల్లో ఒక్కసారిగా ఇన్ని ఆపరేషన్లు ఒకరోజులో అయిపోవడం ఎలా సాధ్యమైంది?

మత్తు, కోత రెండూ మారాయి. శుక్లాల్ని అల్ట్రాసౌండ్‌తో కరిగించి తీసే ఫేకో పద్ధతిని చార్లెస్ కెల్మన్ 1967లో మొదలుపెట్టాడు. లోపలే కటకం పెట్టడం మామూలయ్యాక, రోజుల తరబడి తల కదపకుండా పడుకోవాల్సిన ఆపరేషన్ కాస్తా కొద్ది నిమిషాల పని అయింది. మోకీలు, భుజం లోపలికి గొట్టం పెట్టి చూసే ఆర్త్రోస్కోపీ వచ్చింది. 1980ల చివర్లో పిత్తాశయాన్ని పొట్ట కోయకుండా లాపరోస్కోపీతో తీయడం పాకింది. 1989లో అమెరికాలో అనుమతి పొందిన ప్రొపోఫాల్ అనే మత్తుమందు అన్నిటికంటే పెద్ద మలుపు: రోగి త్వరగా తేరుకుంటాడు, వాంతులు తక్కువ. ఒకరోజు సర్జరీలో రోగిని ఇంటికి పంపకుండా ఆపేవి ముఖ్యంగా రెండే, వాంతి, నొప్పి. అందులో ఒకటి సగానికి సగం దారికొచ్చింది.

## హెల్త్‌సౌత్ కాలం: 1996–2007

బాగా నడుస్తున్న కంపెనీని హెల్త్‌సౌత్‌కి ఎందుకు అమ్మారు?

1990ల మధ్యలో బీమా కంపెనీలు పెద్దవై రేట్లు పిండటం మొదలుపెట్టాయి. ఎదురు బేరమాడాలంటే సెంటర్లూ పెద్ద గుంపుగా ఉండాలన్నది అప్పటి లెక్క. 1984లో రిచర్డ్ స్క్రూషీ పెట్టిన హెల్త్‌సౌత్‌ది మొదట రిహాబిలిటేషన్ వ్యాపారం. మోకాలి ఆపరేషన్ మా దగ్గర, ఆ తర్వాత ఫిజియోథెరపీ కూడా మా దగ్గరే అన్న ఆలోచనతో సర్జరీలోకి దిగింది. 1995లో సర్జికల్ హెల్త్ కార్పొరేషన్, 1996లో వంద కోట్ల డాలర్లకు పైగా విలువైన షేర్లతో ఎస్‌సీఏ, 1998లో నేషనల్ సర్జరీ సెంటర్స్. అదే ఏడాది కొలంబియా/హెచ్‌సీఏ నుంచి ఇంకో 30కి పైగా సెంటర్లు. ఇంత త్వరగా ఇన్ని కలిపితే లెక్కల పుస్తకాలు ఒక పట్టాన కలవవు. తర్వాత జరిగినదానికి ఆ గజిబిజి మంచి ముసుగైంది.

హెల్త్‌సౌత్‌లో దొంగలెక్కలు అసలు ఎలా రాశారు?

త్రైమాసికం చివర నిజమైన లాభం, వాల్‌స్ట్రీట్ ఆశించిన లాభం పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు. మధ్య తేడాకి వాళ్లు పెట్టుకున్న పేరు ‘గొయ్యి’. దాన్ని పూడ్చే దొంగ ఎంట్రీలకు పేరు ‘మట్టి’. ఈ పనికి కూర్చునే అకౌంటింగ్ అధికారుల సమావేశానికి ‘ఫ్యామిలీ మీటింగ్’. ఇవి కేసు కాగితాల్లో నమోదైన మాటలే.

మట్టి పోసింది కాంట్రాక్చువల్ అడ్జస్ట్‌మెంట్ అనే ఖాతాలో. సెంటరు 5,000 డాలర్లు బిల్లు వేస్తుంది, బీమా ఒప్పందం ప్రకారం వచ్చేది 1,800 అనుకుందాం. ఆ తేడా 3,200 ఈ ఖాతాలో రాబడి నుంచి తీసేయాలి. ఇది నెల చివర అంచనా వేసి రాసేది, బిల్లు బిల్లుకీ సరిచూడటం కష్టం. తీసివేత కొంచెం తగ్గించి రాస్తే రాబడి దానంతటదే పెరుగుతుంది. కానీ రెండో కాలమ్ కూడా సరిపోవాలి కదా. అందుకోసం లేని ఆస్తిని ఆయా కేంద్రాల స్థిరాస్తుల్లో చూపించారు. ఆ లైన్‌కు ‘ఏపీ సమ్మరీ’ అన్న అమాయకపు పేరు. ఆడిటర్లు 5,000 డాలర్ల లోపు ఎంట్రీల జోలికి పోరని తెలుసు కాబట్టి పెద్ద మొత్తాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి వందల కేంద్రాల మీద చల్లారు. కేంద్రాలు ఎన్ని ఎక్కువుంటే చల్లడం అంత సులువు.

2003 మార్చి 19న ఎస్ఈసీ (అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ) కేసు పెట్టినప్పుడు 1999 నుంచి కనీసం 140 కోట్ల డాలర్ల లాభం ఎక్కువ చూపారని చెప్పింది. ఆ తర్వాత తవ్వేకొద్దీ మొత్తం పెరిగింది.

ఇదంతా ఎలా బయటపడింది?

2002 ఆగస్టులో, మెడికేర్ ఫిజియోథెరపీ బిల్లింగ్ మార్పు వల్ల ఏటా 17.5 కోట్ల డాలర్లు తగ్గుతాయని హెల్త్‌సౌత్ ప్రకటించింది. షేరు కుప్పకూలింది. అంతకు కొద్ది ముందే స్క్రూషీ తన షేర్లు పెద్దఎత్తున అమ్ముకున్నాడని తేలడంతో ఎస్ఈసీ తలుపు తట్టింది. సర్జరీ సెంటర్లను విడదీసి వేరే కంపెనీ చేస్తామని చెప్పింది కూడా ఆ ప్రకటనలోనే. 2007లో జరిగిన విడాకుల మాట మొదటిసారి వచ్చింది అప్పుడు. కానీ కొన్ని నెలల్లోనే ఎఫ్‌బీఐ సోదాలు, సీఎఫ్‌ఓ (ఆర్థిక వ్యవహారాల అధిపతి) నేరం ఒప్పుకోవడం. ఆ ప్లాన్ అటకెక్కింది.

స్క్రూషీ జైలుకు వెళ్లాడా, లేదా? ఒక్కోచోట ఒక్కోలా రాశారు.

వెళ్లాడు, కానీ ఈ కేసులో కాదు. కంపెనీకి సీఎఫ్‌ఓలుగా చేసిన ఐదుగురూ నేరం ఒప్పుకున్నారు. ‘నాకేమీ తెలియదు’ అన్న స్క్రూషీని 2005 జూన్ 28న బర్మింగ్‌హామ్ జ్యూరీ నిర్దోషి అంది. అలబామా మాజీ గవర్నర్ డాన్ సీగెల్‌మన్‌కు సంబంధించిన వేరే లంచం కేసులో 2006లో దోషి అని తేలి జైలుకు వెళ్లి 2012లో బయటికొచ్చాడు. మధ్యలో 2009లో వాటాదారుల సివిల్ కేసులో అలబామా జడ్జి, మోసానికి బాధ్యుడు ఆయనేనని 288 కోట్ల డాలర్లు కట్టమన్నాడు. క్రిమినల్ కేసుకీ సివిల్ కేసుకీ రుజువు కొలత వేరు. ఒకదాన్ని చూసి రెండోది రాయడం వల్లే గందరగోళం.

ప్రాజెక్టు రిపోర్టుకి హెల్త్‌సౌత్ 1997–2002 అంకెలు వాడొచ్చా?

అప్పట్లో దాఖలు చేసినవి వాడకండి. 2005 జూన్‌లో కంపెనీ 2000 నుంచి 2003 దాకా లెక్కలు తిరగరాసి ఒకే పెద్ద 10-కే (వార్షిక నివేదిక) దాఖలు చేసింది. ఎస్ఈసీ వారి ఎడ్గర్ సైట్‌లో దొరుకుతుంది; కంపెనీ ఇప్పటి పేరు ఎన్‌కాంపస్ హెల్త్, 2018లో మారింది. సర్జరీ విభాగం అంకెలు కావాలంటే అందులో సెగ్మెంట్ నోట్ చూడండి. 2000కు ముందు సంవత్సరాలకు లాభాల అంకెలు వదిలేసి, సెంటర్లు ఎప్పుడు ఎవరి నుంచి కొన్నారన్న వివరాలకే పరిమితమైతే మంచిది.

## టీపీజీ, స్టాక్ మార్కెట్: 2007–2017

హెల్త్‌సౌత్ సర్జరీ విభాగాన్ని ఎంతకి అమ్మింది, ఎందుకు?

94.5 కోట్ల డాలర్లకు. 2007 మార్చిలో ఒప్పందం ప్రకటించి జూన్ చివర్లో ముగించారు. కుంభకోణం తర్వాత హెల్త్‌సౌత్ మెడ మీద అప్పుల బరువు ఉంది, కొత్త యాజమాన్యం రిహాబ్ ఆసుపత్రుల మీదే నిలబడదామనుకుంది. అదే ఏడాది అవుట్‌పేషెంట్ రిహాబ్‌ను సెలెక్ట్ మెడికల్‌కి, స్కానింగ్ కేంద్రాలను గోర్స్ గ్రూప్‌కి అమ్మేసింది. ఒకప్పుడు ఎస్‌సీఏ ఒక్కదానికే వంద కోట్లకు పైగా పెట్టి, ఆపైన కొన్నవన్నీ కలిపినా అంతకంటే తక్కువకే పోయింది. షేర్లతో కొని, అవసరంలో పడి నగదుకు అమ్మితే ఇలాగే ఉంటుంది.

2008లో సర్జరీ సెంటర్ల రేట్లు మారాయంటారు. ఏం మారింది?

మెడికేర్ గుంపుల లెక్క పోయింది. మొదటి నాలుగు గుంపులు పెరిగినా, అప్పటిదాకా ఎన్ని రకాల ఆపరేషన్లున్నా తొమ్మిది రేట్లే. 2008 జనవరి 1 నుంచి ఆసుపత్రి అవుట్‌పేషెంట్ రేటును పట్టుకుని, అందులో సుమారు 65 శాతం సెంటరుకి ఇచ్చారు. నాలుగేళ్లలో మెల్లగా అమలైంది. జాబితా మూడు వేల పైచిలుకు ఆపరేషన్లకు పెరిగింది.

దీనివల్ల కొలనోస్కోపీ, నడుం నొప్పి ఇంజెక్షన్ల మీద బతికే సెంటర్లకు రేటు తగ్గింది, ఎముకల ఆపరేషన్లకు పెరిగింది. కంపెనీలన్నీ ఎముకల డాక్టర్ల వెంట పడటం ఇక్కడ మొదలైంది. ఇంకో మెలిక: ఏటా పెంపు ఆసుపత్రులకు ఆసుపత్రి ఖర్చుల సూచీతో, సెంటర్లకు మామూలు ధరల సూచీతో ఇచ్చారు. రెండో సూచీ నెమ్మదిగా పెరిగేది కాబట్టి 65 అని మొదలైన నిష్పత్తి ఏడాదికేడాది జారింది. 2019లో సెంటర్లకూ ఆసుపత్రి సూచీ వర్తింపజేశారు.

కోడింగ్ వాళ్లు గుర్తుంచుకోవాల్సింది: పాత ఫైళ్లలో ఆపరేషన్ కోడ్ పక్కన కనిపించే ఎస్‌జీ అనే మాడిఫయర్ (అదనపు గుర్తు) మెడికేర్‌కు 2008 నుంచి అక్కర్లేదు. కొన్ని ప్రైవేటు బీమాలు ఇంకా అడుగుతాయి.

ఆసుపత్రులకు పోటీగా పుట్టిన కంపెనీ ఆసుపత్రులతోనే ఎందుకు జతకట్టింది?

రేట్ల కోసం. ఊళ్లో పెద్ద ఆసుపత్రి పేరు పక్కనుంటే బీమా కంపెనీతో మంచి ఒప్పందం దొరుకుతుంది. ఆసుపత్రికీ లాభమే: ఎలాగూ బయటికి పోతున్న కేసుల్లో కొంత వాటా మిగులుతుంది. 2008 నుంచి సీఈఓగా ఉన్న ఆండ్రూ హేయక్ కాలంలో కంపెనీ, డాక్టర్లు, ఆసుపత్రి అనే మూడు కాళ్ల పీట బాగా పెరిగింది. ఆఫీసు ఇల్లినాయిస్‌లోని డీర్‌ఫీల్డ్‌కి మారింది, బర్మింగ్‌హామ్‌లో పెద్ద కార్యాలయం మిగిలింది. 2013 అక్టోబరులో షేరు 24 డాలర్ల చొప్పున నాస్‌డాక్‌కి వచ్చారు.

సెంటర్ల సంఖ్య ఒక్కో రిపోర్టులో ఒక్కోలా ఎందుకు ఉంటుంది?

మూడు రకాల సెంటర్లుంటాయి కాబట్టి. కంపెనీ అదుపులో ఉన్నవాటి రాబడి మొత్తం కంపెనీ ఖాతాల్లో కలుస్తుంది. తక్కువ వాటా ఉన్నవాటి నుంచి లాభంలో వాటా మాత్రమే ఒక లైన్‌గా కనిపిస్తుంది. మూడో రకంలో వాటాయే లేదు, ఫీజు తీసుకుని నడిపిపెడతారు. పత్రికా ప్రకటనలో మూడూ కలిపి చెబుతారు, ఆదాయ పట్టికలో మొదటి రకమే ఉంటుంది. రాబడిని మొత్తం సెంటర్లతో భాగించి ‘సెంటరుకు ఇంత’ అని రాసే తప్పు విద్యార్థుల రిపోర్టుల్లో తరచూ కనిపిస్తుంది. ఏ రకం ఎన్నో 10-కే మొదటి పేజీల్లోనే విడిగా ఇస్తారు.

## ఆప్టమ్ కాలం: 2017 నుంచి

బీమా కంపెనీ సర్జరీ సెంటర్లను కొనడమేంటి?

2017 జనవరిలో షేరుకు 57 డాలర్ల చొప్పున, అప్పులతో కలిపి సుమారు 230 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించి మార్చిలో ముగించారు. అప్పటికి సెంటర్లు సుమారు 200. లెక్క సూటిగా ఉంది: అదే ఆపరేషన్ ఆసుపత్రిలో అయితే బీమా కంపెనీకి బిల్లు ఎక్కువ, సెంటర్లో అయితే తక్కువ. ఆ మిగులు కావాలంటే సెంటర్లు చేతిలో ఉండాలి. అటు డాక్టర్ల గ్రూపులు కూడా ఆప్టమ్ కొంటూ వచ్చింది. బిల్లు కట్టేవాడు, రోగిని పంపే డాక్టరు, ఆపరేషన్ జరిగే చోటు ఒకే గొడుగు కిందికి వస్తే పోటీ ఏమవుతుందన్నది అమెరికాలో ఇంకా తేలని వాదన. ఈ సెంటర్లు ఇతర బీమాలను కూడా తీసుకుంటాయి. యునైటెడ్‌హెల్త్ కార్డు ఉంటేనే రానిస్తారన్నది అపోహ.

ఎస్‌సీఏ మీద క్రిమినల్ కేసు పెట్టారా?

పెట్టారు, కొట్టేశారు. పోటీ కంపెనీల పెద్ద ఉద్యోగులను లాక్కోకూడదని తమలో తాము ఒప్పందం చేసుకున్నారంటూ 2021 జనవరిలో అమెరికా న్యాయశాఖ డాలస్‌లో అభియోగం మోపింది. అలాంటి ఆరోపణ మీద ఒక కంపెనీపై క్రిమినల్ కేసు అదే మొదటిది. కంపెనీ నేరం ఒప్పుకోలేదు. దీనికి దగ్గరి కేసులో డయాలిసిస్ కంపెనీ డావీటా 2022లో నిర్దోషిగా బయటపడింది. 2023 నవంబరులో న్యాయశాఖే ఎస్‌సీఏ కేసు వెనక్కి తీసుకుంది.

మోకాలి మార్పిడి కూడా ఇప్పుడు సెంటర్లోనే చేస్తారా?

చేస్తారు, తగిన రోగికి. మెడికేర్ 2018లో మోకాలి మార్పిడిని ‘ఆసుపత్రిలో చేర్చుకునే చేయాలి’ అన్న జాబితా నుంచి తీసేసింది, 2020లో సర్జరీ సెంటర్ల జాబితాలో చేర్చింది. తుంటి మార్పిడిని మొదటి జాబితా నుంచి 2020లో తీసేసి, 2021లో సెంటర్ల జాబితాలో చేర్చింది. గుండె జబ్బు, అదుపులో లేని షుగర్, స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), బాగా ఎక్కువ బరువు ఉన్నవాళ్లను మత్తుడాక్టరు ఆసుపత్రికే పంపుతాడు. మెట్లెక్కి దిగడం, బాత్రూముకి వెళ్లడం చూపించాకే ఇంటికి వదులుతారు. రాత్రి పక్కన పెద్దవాళ్లెవరూ ఉండరని చెబితే ఆపరేషన్ వాయిదా పడుతుంది. ఇందులో మొహమాటపడి అబద్ధం చెప్పొద్దు.

## కాగితాలు, బిల్లులు

మేం వెళ్లే సెంటరు ఎస్‌సీఏదో కాదో ఎలా తెలుస్తుంది?

బోర్డు చూసి తెలియదు. అక్కడ ఊరి పేరో ఆసుపత్రి పేరో ఉంటుంది. సెంటర్లో డాక్టర్లకు ఆర్థిక ఆసక్తి ఉంటే ఆపరేషన్ మొదలయ్యేలోపు రాతపూర్వకంగా చెప్పాలని మెడికేర్ నిబంధన. రోగి హక్కుల కాగితంతో పాటే ఇస్తారు. చాలామంది చదవకుండా సంతకం పెట్టేది ఆ కాగితమే. సర్జన్‌కి వాటా ఉన్నంతమాత్రాన భయపడక్కర్లేదు, కానీ ‘ఇదే ఆపరేషన్ వేరే ఎక్కడ చేస్తారు?’ అని అడిగే హక్కు మీకుంది.

2013–2017 మధ్య సంగతి కావాలంటే ఎడ్గర్‌లో 10-కే చివర అనుబంధ సంస్థల జాబితా ఉంటుంది. అందులో ఎల్‌ఎల్‌సీ పేరు వెతకండి, సెంటర్ వ్యాపార నామం కాదు.

ఒక్క ఆపరేషన్‌కి మూడు బిల్లులు వచ్చాయి. మోసమా?

కాదు. సెంటర్ ఫీజు ఒకటి, సర్జన్‌ది ఒకటి, మత్తుడాక్టరుది ఒకటి. ముక్క తీసి పరీక్షకి పంపితే ల్యాబుది నాలుగోది. గతంలో సెంటరు నెట్‌వర్క్‌లో ఉన్నా మత్తుడాక్టరు బయటివాడై వేల డాలర్ల బిల్లు పంపేవాడు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం, నెట్‌వర్క్‌లో ఉన్న సర్జరీ సెంటర్లో మత్తుడాక్టరు అలా అదనపు బిల్లు వేయకూడదని చెబుతోంది. వస్తే కట్టే ముందు బీమా కంపెనీకి ఫోన్ చేయండి.

హైదరాబాద్‌లో ఆప్టమ్ ప్రాజెక్టులో ఏఎస్‌సీ క్లెయిమ్స్ ఇచ్చారు. ఆసుపత్రి క్లెయిమ్స్ అలవాటే. ఎక్కడ తప్పులు పడతాయి?

నాలుగు చోట్ల. మెడికేర్‌కు ఏఎస్‌సీ ఫెసిలిటీ క్లెయిమ్ వెళ్లేది డాక్టర్ల ఫారం మీద, అంటే సీఎంఎస్-1500 లేదా దాని ఎలక్ట్రానిక్ రూపం 837పీ. ఆసుపత్రుల ఫారమైన యూబీ-04 మీద పంపితే తిరిగొస్తుంది. ప్రైవేటు బీమాలు చాలావరకు యూబీ-04 అడుగుతాయి కాబట్టి పేయర్‌ను (బిల్లు కట్టే సంస్థను) బట్టి చూడాలి. రెండోది, ప్లేస్ ఆఫ్ సర్వీస్ (సేవ జరిగిన చోటు) కోడ్ 24. ఇది సెంటర్ క్లెయిమ్‌కే కాదు, సర్జన్ క్లెయిమ్‌కీ వేయాలి. సర్జన్ ఆఫీసు వాళ్లు అలవాటుగా ఆఫీసు కోడ్ 11 వేస్తే ఆఫీసు ఖర్చు కూడా కలిపి ఎక్కువ డబ్బు వస్తుంది, ఆడిట్‌లో వెనక్కి పోతుంది. మూడోది, మధ్యలో ఆగిపోయిన ఆపరేషన్: మత్తు ఇవ్వకముందు ఆగితే మాడిఫయర్ 73, సగం రేటు, ఇచ్చాక ఆగితే 74, పూర్తి రేటు. రోగి ఇంకా థియేటర్లోకి వెళ్లకముందే రద్దయితే రెండూ వేయకూడదు, బిల్లే లేదు. నాలుగోది, ఒకే పూట రెండు ఆపరేషన్లయితే రెండోదానికి సాధారణంగా సగమే వస్తుంది. దాన్ని తక్కువ చెల్లింపు అనుకుని అప్పీల్ వేసి టైము పోగొట్టుకోవద్దు.

మన దగ్గర ఇలాంటి కంపెనీ ఉందా?

దగ్గరగా వచ్చింది నోవా. 2009లో బెంగళూరులో డే కేర్ సర్జరీ సెంటర్లుగా మొదలై, 2015లో అపోలో చేతికి వెళ్లి అపోలో స్పెక్ట్రా అయింది. డాక్టర్లకు వాటా ఇచ్చి సెంటరుకో సంస్థ పెట్టే అమెరికా పద్ధతి ఇక్కడ అంతగా నాటుకోలేదు. మన ఆరోగ్య బీమాలో చూసుకోవాల్సింది ఒక్క మాట: 24 గంటలు చేరి ఉండాలన్న షరతు డే కేర్ చికిత్సకు వర్తించదు, కానీ మత్తు ఇచ్చి చేసే చికిత్స అయి ఉండాలి, ఓపీడీలో చేసేస్తే డే కేర్ కిందికి రాదు. డిశ్చార్జ్ సమ్మరీ మీద చేరిన టైము, వెళ్లిన టైము, ఏ మత్తు ఇచ్చారో రాయించుకోకుండా బయటికి రావొద్దు.